పర్లాకిమిడిలో అద్దెకి గడ్డి కోత బండి: కోత బాగుంది, సీటు కింద స్విచ్ మాత్రం చూసుకోండి

మీద కూర్చుని నడిపే గడ్డి కోత బండిని డ్రైవరుతో సహా బరంపురం వైపు నుంచి ఒకాయన అద్దెకి పంపిస్తున్నాడు. మా పర్లాకిమిడి చుట్టుపక్కల తోటలు, స్కూలు గ్రౌండులు చూసుకునేవాళ్లు చాలామంది దీని గురించి అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. వానలు తగ్గాక మా కొబ్బరితోటకి, దాన్ని ఆనుకుని ఉన్న కల్యాణమండపం ఆవరణకి పిలిపించాం. కోతకి వంక పెట్టడానికి లేదు. భుజానికి తగిలించుకునే మిషన్లతో రోజుల తరబడి కొట్టించే గడ్డి సాయంత్రానికల్లా అయిపోయింది, అంతా ఒకే ఎత్తున, చక్కగా. రేటు ఫోన్లో చెప్పినదే తీసుకున్నారు, బండిని తెచ్చి దించే ఖర్చు వేరని ముందే చెప్పారు.

నాకు నచ్చనిది ఒక్కటే, కానీ అది చిన్న విషయం కాదు.

ఈ బండికి సీటు కింద ఒక స్విచ్ ఉంటుంది. బ్లేడు తిరుగుతుండగా డ్రైవరు సీటు మీద నుంచి లేస్తే ఇంజను దానంతట అదే ఆగిపోవాలి. మా దగ్గరికి వచ్చిన బండిలో కుర్రాడు గడ్డిలో అడ్డం పడిన కొబ్బరి మట్ట తీయడానికి దిగిపోయాడు, బ్లేడు తిరుగుతూనే ఉంది! ఆపించి సీటు ఎత్తి చూస్తే, స్విచ్‌కి వెళ్లాల్సిన ప్లగ్గు ఊడదీసి, దాని రెండు పిన్నుల మధ్య చిన్న రాగి తీగ దోపి, పైన నల్ల టేపు చుట్టి ఉంది. అంటే సీటు మీద ఎవరో ఉన్నారని బండి ఎప్పుడూ అనుకుంటూనే ఉంటుందన్నమాట. ఓనరుకి ఫోన్ చేస్తే దాచకుండానే చెప్పాడు: "గతుకుల్లో కుర్రాడు ఎగిరినప్పుడల్లా ఇంజను ఆగిపోతోంది అన్నయ్యా, పని సాగదని కట్టేశాం." ఆయన ఇబ్బంది నిజమే, బక్కపలచటి డ్రైవరైతే అలా జరుగుతుంది కూడా. దానికి మందు స్పీడు తగ్గించడం, సీటు స్ప్రింగు సరిచేయించడం, స్విచ్ పాడైతే కొత్తది వేయించడం. తీగ దోపడం కాదు. ఈ బ్లేళ్ల కొస వేగానికి అమెరికా ప్రమాణాల్లో పెట్టిన హద్దే నిమిషానికి 19,000 అడుగులు, అంటే గంటకి దాదాపు 350 కిలోమీటర్లు. దాని కింద కాలు పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

తీగ తీయించి, ప్లగ్గు పెట్టించాకే మళ్లీ కోత మొదలుపెట్టనిచ్చాను. గతుకుల చోట ఒకటి రెండుసార్లు ఇంజను ఆగింది, కుర్రాడు నెమ్మదిగా నడపడం మొదలుపెట్టాక ఆ గొడవ కూడా లేదు.

గడ్డి బయటికి చిమ్మే పక్క ఒక రేకు మూత వేలాడుతూ ఉంటుంది, రాళ్లూ పుల్లలూ ఎగిరి మనుషుల మీదకి పోకుండా కిందకి కొట్టేది అదే. తడి గడ్డి ఇరుక్కుంటోందని దాన్ని పైకెత్తి బైండింగ్ వైరుతో కట్టేసి తెచ్చారు. అదీ విప్పించాను. తడి గడ్డి ఇరుక్కుంటుంది, నిజమే, అందుకే మంచు ఆరాక పదింటికి మొదలుపెట్టమని చెప్పాను. ఇరుక్కున్నా సరే, ఇంజను ఆపి, తాళంచెవి బయటికి తీసి, బ్లేడు పూర్తిగా నిలిచాక కర్రతో తీయాలి గానీ చెయ్యి పెట్టకూడదు.

మా దగ్గర ఇంకో సమస్య మొదళ్లు. 2018 తిత్లీ తుఫానులో పడిపోయిన కొబ్బరిచెట్ల మొదళ్లు ఇంకా కొన్ని నేలలోనే ఉన్నాయి, మోకాలెత్తు గడ్డిలో అస్సలు కనపడవు. తగిలితే బ్లేడు వంగిపోతుంది, లేదా ముక్క ఎగిరి వస్తుంది. ముందురోజే తోటంతా నడిచి, ప్రతి మొదలు దగ్గరా ఎర్రగుడ్డ కట్టిన కర్ర పాతించాం. తోట ఉన్నవాళ్లు ఈ పని డ్రైవరుకి వదిలేయకండి, మన నేల మనకే తెలుస్తుంది.

మహేంద్రతనయ నది గట్టు వైపు మా నేల వాలుగా ఉంటుంది. ఓనరు అక్కడా కోయిస్తానన్నాడు, నేను ఒప్పుకోలేదు. చాలా కంపెనీల మాన్యువళ్లలో 15 డిగ్రీల కంటే ఎక్కువ వాలు మీద నడపొద్దని ఉంటుంది, అంటే పది అడుగుల దూరంలో రెండున్నర అడుగులకి మించి లేస్తే వద్దనే. అంతకంటే తక్కువ వాలైనా కిందికీ పైకీ నడపాలి, అడ్డంగా నడిపితే బండి బోల్తా పడుతుంది. వానకి నానిన గట్టు అంచు చక్రం బరువుకే జారిపోతుంది. ఆ ముక్క మాత్రం పాతపద్ధతిలో మనుషులతోనే కోయించాం.

పిల్లల సంగతి కూడా చెప్పాలి. ట్రాక్టరు మడ్‌గార్డు మీద పిల్లల్ని కూర్చోబెట్టి తిప్పడం మనకి అలవాటు, ఈ బండి చిన్నగా, బొమ్మలా ఉండేసరికి మండపం వాచ్‌మన్ మనవడు ఒళ్లో కూర్చుంటానని పేచీ పెట్టాడు, కుర్రాడు సరేనన్నాడు కూడా. నేను ససేమిరా అన్నాను. పిల్లవాడు జారితే పడేది చక్రాల మధ్య బ్లేడు ముందే. ఇంకా ఘోరం ఏమిటంటే, ఒకసారి ఎక్కించుకుంటే ఆ తర్వాత బండి చప్పుడు వినపడగానే పరిగెత్తుకొస్తారు, రివర్సులో వచ్చే డ్రైవరుకి కనపడరు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 16 ఏళ్ల లోపు వాళ్లు ఈ బండి నడపకూడదంటుంది. కోత జరుగుతున్నంతసేపూ పిల్లల్ని ఇంట్లోనే ఉంచండి, ఒక పెద్దమనిషి కాపలా ఉంటే మంచిది.

డ్రైవరు కుర్రాడు మంచివాడు, చెప్తే వింటాడు. పెట్రోలు పోసేటప్పుడు ఇంజను ఆపి, చల్లారనిచ్చి, బండిని గడ్డికి దూరంగా తీసుకెళ్లాడు, అది చూసి సంతోషించాను. బండి మీద హెచ్చరిక స్టిక్కర్లన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, ఆ అబ్బాయికి ఒడియా, తెలుగు వచ్చు, ఇంగ్లీషు రాదు. నెలల తరబడి నడుపుతున్నా వాటిలో ఏముందో ఎవరూ చదివి చెప్పలేదట. ఓనరు గారికి నా మనవి అదే, రెండు భాషల్లోనూ రాయించి అంటించండి, దానికి పెద్ద ఖర్చేం కాదు.

పిలిపించేవాళ్లు ఫోన్లోనే గట్టిగా అడగండి: సీటు స్విచ్ పనిచేస్తోందా, పక్క మూత ఉందా అని. బండి దిగగానే చదును నేల మీద, చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని, బ్లేడు వేయించి, డ్రైవరుని దిగకుండా సీటు మీద నుంచి కాస్త పైకి లేవమనండి. ఇంజను ఆగకపోతే కోత మొదలుపెట్టనివ్వకండి. నేను మాత్రం వచ్చే ఏడూ వీళ్లనే పిలుస్తాను, కొత్త స్విచ్ వేయించానని ఓనరు మొన్న ఫోటో పంపాడు. చెవులకి పెట్టుకునే మఫ్‌లు కూడా ఆ కుర్రాడికి కొనిపెట్టమని అడిగాను, రోజంతా ఆ చప్పుడులో ఉండేది వాడే కదా.