గబగబా చల్లార్చిన గాజు, నిదానంగా చల్లార్చిన గాజు: అటూ ఇటూ తోస్తే ఏది మేలు?

గాజు అనగానే కిటికీ అద్దమే గుర్తొస్తుంది. భౌతికశాస్త్రంలో మాత్రం పరమాణువులు వరుస తీరకుండా గడ్డకట్టిన ఏ పదార్థమైనా గాజే. 1960లో అమెరికాలోని కాల్టెక్ విద్యాసంస్థలో పాల్ డ్యువెజ్ బృందం కరిగిన బంగారం-సిలికాన్ మిశ్రమాన్ని రెప్పపాటులో చల్లార్చి లోహపు గాజు చేసింది. ఇలాంటివాటిని కాస్త తోస్తే మళ్లీ మామూలవుతాయి, ఇంకాస్త తోస్తే మారిన రూపులోనే ఉండిపోతాయి, అంటే లొంగిపోతాయి. అప్పుడు ఎదురు దిక్కున తోస్తే?

లోహాల సంగతి పాతదే. ఒక దిక్కున లొంగిన లోహం ఎదురు దిక్కున తక్కువ బలానికే లొంగుతుందని మ్యూనిక్‌లో జర్మన్ ఇంజనీరు బౌషింగర్ 1880లలోనే చూపించాడు. అక్కడ పరమాణు వరుసల్లోని లోపాలు అడ్డంకుల దగ్గర గుమిగూడి, బలం తిరగబడగానే తేలిగ్గా వెనక్కి మళ్లుతాయి. గాజులో వరుసలే లేవు. అయినా అదే గుణం కనిపిస్తుంది, అదే నాకు వింత. ఇక్కడ కదిలేవి కొన్ని పదుల పరమాణువుల చిన్న గుంపులు. భౌతికశాస్త్రవేత్తలు ఫాక్, లాంగర్ 1998లో వీటిని రెండు వైపులా ఒరగగల గుంపులుగా ఊహించి సిద్ధాంతం కట్టారు. బ్రేకు పడి ముందుకు తూలినవాళ్లు బస్సు కదలగానే వెనక్కి తూలినట్టు, ఒకసారి ఒరిగిన గుంపు తిరిగి ఒరగడానికి సిద్ధంగా ఉంటుంది.

గబగబా చల్లార్చిన గాజులో ఇలాంటి వదులు చోట్లు ఎక్కువ. బెంగళూరులోని పరిశోధన సంస్థ జేఎన్‌సీఏఎస్‌ఆర్‌లో శ్రీకాంత్ శాస్త్రి బృందం చేసిన కంప్యూటర్ నమూనాల్లో, చిన్న ఊపులతో అటూ ఇటూ తోస్తూ పోతే ఈ గాజు విడత విడతకీ కుదురుకుంటుంది. చివరికి ప్రతి ఊపు తర్వాతా పరమాణువులు బయల్దేరిన చోటికే చేరతాయి. బాగా నిదానంగా చల్లార్చింది ముందే కుదురుగా ఉంటుంది కాబట్టి చిన్న ఊపులకు మారదు, ఇంకా పెద్ద ఊపునూ తట్టుకుంటుంది. హద్దు దాటిందా, పరమాణువులు ఒకదాని మీదుగా ఒకటి జారే సన్నని పట్టీ పడి ఒక్కసారిగా లొంగిపోతుంది. తర్వాత వెనక్కి తోసినా మునుపటి బిగువు ఉండదు, జారడమంతా ఆ పట్టీలోనే.

ఊపు ఎంతో ముందే తెలిసిన స్ప్రింగులాంటి పనికి నిదానంగా చల్లార్చిందే మేలు. ఎప్పుడైనా అదనపు బరువు పడొచ్చనుకుంటే నా ఓటు గబగబా చల్లార్చినదానికే, అది కొద్దికొద్దిగా జారుతూ ముందే తెలియజేస్తుంది. పైగా ఎనీలింగ్ (వేడి చేసి కుదురుకోనివ్వడం) ఎక్కువైతే లోహపు గాజు పెళుసెక్కుతుంది. ఈ కుదురుకోవడమంతా కంప్యూటర్‌లో, ఏ గీతా లేని ముక్క మీద చూసింది. చేతిలోని అసలు ముక్క మీద చిన్న గీత ఉంటే, ఎలా చల్లార్చినా పగులు అక్కడే మొదలవ్వొచ్చు.