మూడు లక్షల కిలోమీటర్లు తిరిగిన ఇన్నోవానా, రెండు లక్షలు తిరిగిన డిజైరా, పాత బొలెరోనా? గోదావరి డెల్టాలో ఏది మేలు

గోదావరి డెల్టాలో బాగా తిరిగిన బండి కొనడానికి వెళ్తే మన చూపు ముందు మీటరు మీద పడుతుంది. లక్షా ఎనభై వేలా, మూడు లక్షలా అన్నది చూడాల్సిందే. కానీ అంతకంటే ముందు బండి కింద దూరి చూడాలి. ఇంజిన్ పోతే రాజమండ్రిలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో పని చేయించుకోవచ్చు, లేదంటే హాఫ్ ఇంజిన్ (హెడ్డు మినహా కింది భాగం) తెచ్చి వేయించవచ్చు. తుప్పు తిన్న ఫ్లోరుకీ, ఛాసిస్ అనే అడుగు చట్రానికీ అలాంటి దారి లేదు. ఎంత టింకరింగ్ చేయించినా పక్కనుంచి మళ్లీ మొదలవుతుంది.

ఇక్కడ ఉప్పు నాలుగు వైపుల నుంచి పడుతుంది. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు సముద్రపు గాలి. రొయ్యల చెరువు గట్ల మీది తడి మట్టి. 216, 165 జాతీయ రహదారుల మీద ఐసు పెట్టెలతో వెళ్లే చేపల లారీల నుంచి కారే నీళ్లు. నాలుగోది మన చేతులారా చేసేది: తీరానికి దగ్గర ఊళ్లలో ఉప్పగా ఉండే బోరు నీళ్లతోనే బండి కడగడం. అందుకే అమలాపురం, నరసాపురం వైపు తిరిగిన లక్ష కిలోమీటర్ల బండి కంటే, మెట్ట ప్రాంతంలో హైవే మీద రెండున్నర లక్షలు తిరిగిన బండి అడుగు గట్టిగా ఉండటం మామూలే.

బండిని ర్యాంపు మీదికి ఎక్కించి, చిన్న సుత్తితో ఛాసిస్ పొడవునా తట్టండి. ఖంగుమంటే మంచిది, మొద్దు శబ్దం వస్తే లోపల తుప్పో పేరుకున్న బురదో ఉన్నట్టు. తలుపుల కింది అంచుల్లో నీళ్లు దిగే రంధ్రాలు మూసుకుపోయాయేమో చూడండి. అవి మూసుకుంటే తలుపు లోపలి నుంచే కుళ్లుతుంది. కార్పెట్ ఎత్తి ఫ్లోరు, సీటు పట్టాల బోల్టులు చూడండి. సీటు బెల్టును చివరిదాకా లాగండి. అడుగున మట్టి చార కనిపిస్తే వరదలో మునిగిన బండే, ఎంత పాలిష్ పెట్టినా సరే. కింద కొత్తగా నల్లటి రబ్బరు కోటింగ్ కొట్టి ఉంటే ఇంకా జాగ్రత్తగా గీకి చూడాలి. తుప్పు మీద కోటింగ్ కొడితే తేమ లోపలే ఉండిపోయి రేకును మరింత త్వరగా తినేస్తుంది.

ఈ పరీక్షలో మూడు బండ్లూ ఒకలా నిలబడవు. ఇన్నోవా, బొలెరో ఛాసిస్ మీద బాడీ కూర్చోబెట్టిన బండ్లు. రేకు పోయినా కింది దిమ్మె నిలుస్తుంది. డిజైర్‌కి వేరే ఛాసిస్ లేదు, రేకే బలం. తలుపుల కింది సిల్లు గానీ, ముందు షాకబ్జార్ల పైభాగం గానీ, ఇంజిన్ కింది సబ్‌ఫ్రేమ్ గానీ తుప్పు తింటే ఆ డిజైర్ ఇంజిన్ ఎంత బాగున్నా వదిలేయాలి.

ముందు ఇన్నోవా సంగతి. 2005 నుంచి 2016 దాకా వచ్చిన 2.5 డీజిల్, 2494 సీసీ. మూడు లక్షలు దాటినా ఇంజిన్ విప్పకుండా నడుస్తున్నవి ట్రావెల్స్ వాళ్ల దగ్గర చాలానే కనిపిస్తాయి. దానికి పేరు ఊరికే రాలేదు. అయితే వాల్వులను పిస్టన్లతో తాళం తప్పకుండా నడిపించడానికి ఈ ఇంజిన్‌లో చైను ఉండదు, టైమింగ్ బెల్టు ఉంటుంది. లక్ష దాటాక లక్షన్నర లోపు మార్చాల్సిన సామాను అది. తెగితే పిస్టన్లు వాల్వులకు తగిలి హెడ్డు పని పడుతుంది. మీటరు బోర్డులో టీ-బెల్ట్ దీపం గుర్తు చేస్తుంది కానీ, బెల్టు మార్చకుండా దీపాన్ని మాత్రం ఆర్పించడం కష్టమేమీ కాదు. బిల్లు చూపించలేకపోతే బెల్టు మార్చలేదనే లెక్కేసుకుని, కొన్న వారంలోపే బెల్టు, దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనర్ కలిపి వేయించండి.

ఈ ఇంజిన్‌లో రెండో బలహీనత, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల కింద ఉండే రాగి వాషర్లు. అవి వదులైతే మంట గ్యాసు పైకి తన్ని ఆయిల్‌లో మసి చేరుతుంది. ఆ మసి సంపులోని (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) ఆయిల్ జాలీని మూసేస్తుంది, ఆయిల్ పైకి ఎక్కక బేరింగులు పోతాయి. ఆయిల్ మూత తీసినప్పుడు గట్టి తారులాంటి మసి కనిపిస్తే, లేదా ఇంజెక్టర్ల దగ్గర చుఫ్ చుఫ్ మని శబ్దం వస్తే వాషర్లు మార్పించి సంపు విప్పి జాలీ కడిగించాలి. ఐడ్లింగులో ఇంజిన్ ఊగిసలాడటం, వేడిగా ఉన్నప్పుడు స్టార్ట్ కాకపోవడం కనిపిస్తే డీజిల్ పంపు పోయిందని చెప్పి పెద్ద బిల్లు వేసేవాళ్లుంటారు. ముందు పంపు మీద ఉండి డీజిల్ రాకను అదుపు చేసే సక్షన్ కంట్రోల్ వాల్వును చూడమనండి. చాలాసార్లు అసలు దొంగ అదే. ముందు చక్రాల లోయర్ ఆర్మ్ బుష్షులు, స్టీరింగ్ ర్యాక్ మన గతుకుల రోడ్ల మీద అరుగుతాయి. ఖర్చున్నా అది తెలిసిన ఖర్చే. మైలేజీ ఏసీతో లీటరుకు 11 నుంచి 13, అంతకంటే ఆశించొద్దు.

డిజైర్ డీజిల్‌లో ఉన్నది ఫియట్ 1248 సీసీ మల్టీజెట్. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ ఆపేసింది కాబట్టి ఇప్పుడు దొరికేవన్నీ అంతకు ముందువే. అదే ఇంజిన్ స్విఫ్ట్, ఎర్టిగా, టాటా విస్టా, ఫియట్ పుంటోల్లోనూ ఉంది కనుక సామాన్లకు కొరత లేదు. లీటరుకు 20 ఇవ్వడం దీని గొప్ప. చైను ఉంది కదా, మార్చే పనే లేదనుకోవడం దీని విషయంలో పొరపాటు. ఆయిల్ ఆలస్యంగా మార్చిన బండ్లలో ఈ చైను సాగుతుంది. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేస్తే ముందు వైపు నుంచి రెండు మూడు సెకన్లు గరగరమనే శబ్దం వస్తుంది. అది చైను, టెన్షనర్ గోల. సాగిన చైను పళ్లు దాటితే ఇక్కడా వాల్వులు వంగుతాయి. అందుకే బేరానికి వెళ్లేటప్పుడు, మీరు వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్లకు ముందు రోజే చెప్పండి. వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే ఎందుకో అడగండి.

ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బోను చూడటానికి, ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ పైపు విప్పాలి. లోపల పల్చటి ఆయిల్ చెమ్మ సహజం. ఆయిల్ మడుగు కట్టి ఉంటే సీలు పోయినట్టే. టర్బో ఇరుసు పక్కలకు కొద్దిగా కదలవచ్చు కానీ ముందుకూ వెనక్కూ కదలకూడదు. ఇంజెక్టర్లకు మంచి పరీక్ష, మిగులు డీజిల్‌ను వెనక్కి పంపే రిటర్న్ పైపులది. నాలుగు పైపులూ ఊడదీసి ఒకే కొలత సీసాల్లో పెట్టి ఐడ్లింగులో నడిపిస్తే, ఏ సీసా మిగతా వాటికంటే బాగా ఎక్కువ నిండితే ఆ ఇంజెక్టర్ అరిగినట్టు. పావుగంట పని, ఏ కామన్ రైల్ డీజిల్‌కైనా (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే రకం) పనికొస్తుంది.

బొలెరో దారి వేరు. ఏటిగట్ల మీద, పుంతల్లో, కొబ్బరి తోటల్లో తిరగాల్సిన వాళ్లకు మిగతా రెండూ సరిపడవు. వెనక కమాన్ కట్టలు బరువుకు తట్టుకుంటాయి, ఏ ఊరి మెకానిక్కైనా చెయ్యి పెట్టగలడు. పాత 2523 సీసీ డీఐ ఇంజిన్‌కి మామూలు పంపు కాబట్టి కాస్త మురికి డీజిల్‌నీ భరిస్తుంది. తర్వాత వచ్చిన ఎం2డీఐసీఆర్, 2016లో వచ్చిన 1493 సీసీ పవర్ ప్లస్ కామన్ రైల్ బండ్లు. వాటికి నీళ్లు కలిసిన డీజిల్ విషం. చెరువుల ఏరియేటర్ల కోసం డబ్బాల్లో నిలవ ఉంచిన డీజిల్‌ను వాటిలో పోయొద్దు. బొలెరోలో పోయేవి ప్రొపెల్లర్ షాఫ్ట్ (వెనక చక్రాలకు బలం చేర్చే ఇరుసు) క్రాసులు, కమాన్ బుష్షులు, తలుపుల రేకు, వెనక యాక్సిల్ ఆయిల్ సీళ్లు. సీళ్లు మాటిమాటికీ పోతుంటే వెనక యాక్సిల్ హౌసింగ్ మీది బ్రీదర్‌ను (లోపలి గాలి బయటికి పోయే దారి) చూడండి. బురదతో మూసుకుపోతే లోపలి ఒత్తిడికి ఆయిల్ సీలు దాటి బ్రేకు డ్రమ్ముల్లోకి వస్తుంది. సీలు మార్చి బ్రీదర్ వదిలేస్తే నెలలో మళ్లీ అదే పని. గ్రీజు ఐదు వేలకోసారి, వానాకాలంలో ఇంకా ముందే కొట్టించాలి.

నా తీర్పు అడిగితే, ఏడాదికి ముప్పై వేలు దాటి హైవే మీద తిరిగేవాళ్లకు, ఇంటినిండా మనుషులుంటే, బెల్టు బిల్లున్న ఇన్నోవా. లంకల్లో, గట్ల మీద పని ఉంటే పాత డీఐ బొలెరో. ఒక్కరిద్దరు రోజూ భీమవరం నుంచి ఏలూరో, రావులపాలెం నుంచి కాకినాడో వెళ్లి రావాల్సి ఉంటేనే డిజైర్ డీజిల్, అదీ కింద తుప్పు లేకపోతే.

ఇవేవీ వద్దనాల్సిన వాళ్లు కూడా చాలామంది ఉన్నారు. రోజుకు ముప్పై కిలోమీటర్లు, ఏడాదికి 300 రోజులు అనుకుంటే 9,000 కిలోమీటర్లు. డీజిల్ లీటరు 97, పెట్రోలు 109 రూపాయలనుకుంటే, 20 ఇచ్చే డిజైర్ డీజిల్‌కి 43,650 రూపాయలు, 16 ఇచ్చే పెట్రోలు 1.2 బండికి 61,300 పైచిలుకు. తేడా 17,700లోపే. ఒక్క క్లచ్ పనో, ఇంజెక్టర్ల పనో పడితే ఆ మిగులు ఆవిరి. అదే ఏడాదికి 30,000 తిరిగితే తేడా దాదాపు 59,000, అప్పుడు డీజిల్‌కి అర్థం ఉంది. తక్కువ తిరిగేవాళ్లు పెట్రోలు స్విఫ్ట్, వ్యాగనార్ వైపు వెళ్లడం మేలు. అందులో టర్బో లేదు, ఖరీదైన ఇంజెక్టర్లు లేవు. సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్టులో వాటి మధ్య తేడా పది శాతం లోపు ఉండి, సైలెన్సర్ నుంచి నీలం పొగ రాకపోతే చాలు. సీఎన్‌జీ కిట్టు ఉన్నదైతే సిలిండర్‌కు మూడేళ్లకోసారి చేయించాల్సిన ప్రెషర్ టెస్టు సర్టిఫికెట్ అడగండి, సిలిండర్ బెల్టుల కింద తుప్పు చూడండి.

ఏది కొన్నా మొదటి నెలలో ఇంజిన్ ఆయిల్, అన్ని ఫిల్టర్లు, గేరు ఆయిల్, బ్రేక్ ఆయిల్, కూలెంట్ కొత్తవి పోయించాలి. పాత యజమాని మొన్నే మార్చామన్నా సరే. మన రేడియేటర్లను ఎక్కువగా పాడుచేసేది బోరు నీళ్లే. ఉప్పు నీళ్లు పోస్తే అల్యూమినియం హెడ్డు, వాటర్ పంపు తినేస్తాయి, హెడ్ గ్యాస్కెట్ పోతుంది. కూలెంట్‌లో సగం బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ కలపండి, ఊరి నీళ్లు వద్దు. డీజిల్ ఫిల్టర్ కింది స్క్రూ వదులు చేసి నీళ్లు తీయడం ఐదు వేలకోసారి, వానాకాలంలో నెలకోసారి. ఇంజిన్ ఆయిల్‌కి కంపెనీ పదివేలు అని చెప్పినా, రెండు లక్షలు దాటిన డీజిల్‌కి ఏడు, ఎనిమిది వేలకే మార్చడం చౌక. హైవే మీద లాగించి వచ్చాక వెంటనే ఆపకుండా నిమిషం ఐడ్లింగులో ఉంచితే టర్బో బేరింగులు బతుకుతాయి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి. మన గాలిలో తేమకు అది నీళ్లు పీల్చుకుని లోపలి నుంచి వీల్ సిలిండర్లను తుప్పు పట్టిస్తుంది. కాలిపర్ పిన్నులు ఏడాదికోసారి విప్పి, బ్రేకుల కోసమే తయారుచేసిన గ్రీజు రాయించండి, మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. సముద్రపు ఒడ్డుకు వెళ్లి వచ్చిన రోజే మంచినీళ్లతో అడుగు కడిగించండి.

కాగితాల విషయంలో, పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు ఫిట్‌నెస్ చూసి ఐదేళ్ల చొప్పున రిజిస్ట్రేషన్ పొడిగిస్తారు. పదిహేనుకు దగ్గరపడ్డ బండికి ఆ ఖర్చు బేరంలో తీసేయండి. మీటరు వెనక్కి తిప్పారేమోనన్న అనుమానముంటే నంబరు పట్టుకుని షోరూములో సర్వీసు చరిత్ర అడగండి. క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ పట్టుకునే చోటు నునుపుదేలి, మీటరు మాత్రం ఎనభై వేలు చూపిస్తుంటే ఆ మీటరును నమ్మొద్దు.

ఇక వరద. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రెండోది రాకముందే బండిని ఎత్తయిన చోటికి చేర్చండి. కనకాయలంక లాంటి కాజ్‌వేల మీద నీళ్లు పారుతుంటే దాటించే ప్రయత్నం చేయొద్దు. ఎయిర్ ఫిల్టర్ దాకా నీరు వస్తే సిలిండర్‌లోకి పోయి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మునిగిన బండిని తాళం తిప్పి చూడటమే పెద్ద నష్టం. ముందు బ్యాటరీ తీగ విప్పి, తోసుకుంటూ షెడ్డుకు తీసుకెళ్లండి. డీజిల్‌కి గ్లో ప్లగ్గులు లేదా ఇంజెక్టర్లు, పెట్రోలుకి ప్లగ్గులు తీసి ఇంజిన్‌ను చేత్తో తిప్పించి నీళ్లు బయటికి తోలించాలి. ఇంజిన్, గేరు బాక్సు, వెనక హౌసింగ్ ఆయిల్ మూడూ చూడండి. పాల రంగులోకి మారి ఉంటే నీళ్లు కలిసినట్టు. అవి మార్చి వందో రెండొందలో కిలోమీటర్లు నడిపాక మళ్లీ ఒకసారి మార్చాలి, మూలల్లో మిగిలిన నీరు మొదటి మార్పుతో పూర్తిగా రాదు. హబ్ బేరింగుల గ్రీజు, ఆల్టర్నేటర్, స్టార్టర్ అదే వారంలో విప్పి ఆరబెట్టించండి.