గిరీశం ముందు ఏ సినిమా పెట్టాలి?

గురజాడ నాటకం కన్యాశుల్కం చదివాక ఒక్కో పాత్రకు తగిన సినిమానో సిరీసో ఎంచే పద్ధతిని కడపలో మా చదువరుల బృందం చాలాకాలంగా వాడుతోంది. ఇది ఆ పద్ధతి మీద సమీక్ష. మంచి పద్ధతే. పక్కన పడేసిన పుస్తకాన్ని మళ్లీ తెరిపిస్తుంది. అయితే "ఈ పాత్రలాంటి పాత్ర ఏ సినిమాలో ఉంది" అని మొదలుపెట్టారా, మొత్తం చెడుతుంది. అడగాల్సింది వేరు: ఈ మనిషి టికెట్ కొని ఏది చూస్తాడు, ఎక్కడ లేచి బయటికి పోతాడు? మాటలతో బతికే గిరీశానికైతే టికెట్ కొనేది అతని శిష్యుడు వెంకటేశమే అనుకోండి.

పాత్రకో కాగితం తీసుకుని నాలుగు గళ్లు గీయాలి. ఏం కావాలి, దేనికి భయం, ఎవరి ఖర్చు మీద గడుపుతాడు, చివరికి ఏం దక్కింది. ప్రతి గడికీ నాటకంలో అంకం, స్థలం (అంటే అంకంలోని రంగం) చూపించాలి. చూపించలేని మాటను మొహమాటం లేకుండా కొట్టేయాలి. ప్రతులు ముందే చూసుకోండి. ఇప్పుడు అంగట్లో దొరికేవి దాదాపు 1909 నాటి రెండో కూర్పువే. 1897 నాటి మొదటి కూర్పు దీనికి బాగా తేడా. ఒకరి చేతిలో అదీ, ఇంకొకరి చేతిలో ఇదీ ఉంటే సాయంత్రమంతా తగువే. ఏడంకాలూ అందరినీ చదవమంటే ఎవరూ చదవరు. మొదటిదీ చివరిదీ అందరికీ ఇచ్చి, నడిమి అంకాలు పంచాలి. విజయనగరం మాట మన సీమ చెవికి కొత్త, అందుకే పైకి చదివించండి. కళ్లతో మాత్రమే చదివితే గిరీశం సగం జారిపోతాడు.

గిరీశం కాగితం నింపడం అన్నిటికన్నా తేలిక, సినిమా ఎంచడం అన్నిటికన్నా కష్టం. సంతలో సామాన్లు కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర ఇరవై రూపాయలు తీసుకుని వేశ్య మధురవాణి మీద ఖర్చుపెట్టిన మనిషి. చివర లాయరు సౌజన్యారావు పంతులు తలుపు చూపిస్తే "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అన్న మనిషి. ఇది చూడగానే పదిమందిలో ఎనిమిదిమంది నోట వచ్చే పేరు 'స్కామ్ 1992', షేర్ల కుంభకోణం మీద తీసిన సిరీస్. 2020లో వచ్చింది, పది భాగాలు. మా లెక్కలో అది తప్పు ఎంపిక. మొదటి నాలుగు భాగాలు గిరీశం చుట్ట ఆర్పకుండా చూస్తాడు, నిజమే. ఆ పైన కథ అడ్డం తిరగడం మొదలవుతుంది. తన చివరి అంకాన్ని ఇంకొకడి మొహంలో చూడటానికి కూర్చునే రకం కాదు గిరీశం.

నిలబడిన ఎంపిక 'క్యాచ్ మి ఇఫ్ యు కెన్', 2002 నాటిది. కుర్రాడు పైలట్‌నంటాడు, డాక్టర్‌నంటాడు, లాయర్‌నంటాడు, దొంగ చెక్కులు మారుస్తాడు. పట్టుబడతాడు, జైలుకూ పోతాడు. కానీ కథ అక్కడ ఆగదు. అతన్ని తరిమిన అధికారే చివరికి దొంగ చెక్కులు పట్టే ఉద్యోగంలో కూర్చోబెడతాడు. గిరీశం సౌజన్యారావు పంతులు దగ్గర ఆశించింది సరిగ్గా ఇదే కదా! ఈ సినిమా పెట్టి, వెంటనే ఏడో అంకం చివరి స్థలం చదివించండి. రెండు ముగింపుల మధ్య తేడాలోనే నాటకం బిగువు తెలుస్తుంది.

తెలుగులో అయితే 'చంటబ్బాయ్' (1986). డిటెక్టివ్ పాండురంగారావు గొప్పలు గిరీశానికి ఇంటి భోజనం. కానీ శ్రీలక్ష్మి తన కవితలతో పత్రిక ఎడిటర్‌ని చావగొట్టే ఘట్టం దగ్గర మాత్రం నవ్వడు. వితంతువు మీద ఇంగ్లీషులో పద్యం రాసి వెంకటేశానికి వినిపించినవాడికి ఆ పిచ్చి కవితలు పోటీగా కనిపిస్తాయి. ఆ ఒక్క ఘట్టం మీదే గంట మాట్లాడొచ్చు. 'మిస్సమ్మ' కూడా పనికొస్తుంది, ఉద్యోగం కోసం ఆడిన అబద్ధం పెళ్లిగా పండే కథ కాబట్టి. దాంట్లో ఒక గుంట ఉంది. అదే 1955లో వచ్చిన కన్యాశుల్కం సినిమాలోనూ ఎన్టీఆర్, సావిత్రే. చర్చ గిరీశాన్ని వదిలి ఎన్టీఆర్ వెంట పోతుంది. "ఏ అంకంలో ఉందబ్బీ అది?" అని అడిగేవాళ్లు ఒకరు ఉండాలి, లేకపోతే రాత్రి పది దాటినా తేలదు.

పిసినారి లుబ్ధావధాన్లుకు 'అహ నా పెళ్ళంట' (1987) అని చిన్నపిల్లలైనా చెప్తారు. ఒక్క షరతు: ఆయన నవ్వడు. కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తినే కోట శ్రీనివాసరావును చూసి ఇందులో పొదుపు ఎంత అని లెక్క కడతాడు. జిత్తులమారి రామప్పంతులుకు 'పెద్దమనుషులు' (1954). మన పక్క తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి తీసింది. పరువు ముసుగులో ఊరిని దోచే చైర్మన్‌ను చూస్తే పంతులుకు కోపం రాదు, ఆ కుర్చీ తనకు దక్కలేదనే ఏడుపు. ఆడవేషం కట్టిన మహేశాన్ని పెళ్లికూతురిగా నడిపించిన కరటకశాస్త్రికి 'సమ్ లైక్ ఇట్ హాట్' (1959). మొదట మడమల చెప్పులతో నడక కుదరక తడబడే చోట ఆయన తప్పులు పట్టుకుంటూ కూర్చుంటాడు. వెంకటేశానికి 'నైంటీస్', ఆరే భాగాలు, మాస్టారి ఇల్లు, మార్కుల భయం. ఎక్కువ ఆలోచించక్కర్లేదు.

మధురవాణి దగ్గర దాదాపు అందరూ బోల్తా పడతారు. వేశ్య అనగానే 'ఉమ్రావ్ జాన్' (1981) రాస్తారు. పాటలు వింటుంది, కానీ తన బతుకును తానే జాలిగా చూసుకునే ధోరణి ఆమెది కాదు. నవ్వుతుంది, బేరమాడుతుంది, ఎదుటివాడి మాటను వాడికే చుట్టేస్తుంది. 'వేదం' (2010)లో సరోజ నయం. ఒకరి చెప్పుచేతల్లోంచి బయటపడి సొంతంగా నడుపుకోవాలనుకునే మనిషి. లాహోర్ వేశ్యల మీద తీసిన సిరీస్ 'హీరామండి' (2024) ఎనిమిది భాగాలూ మధురవాణి చూస్తుందని మా వాదన, నగల ఖరీదు కట్టుకుంటూ.

చూపించే సంగతి. సినిమా మొత్తం వేయకండి, పన్నెండు నుంచి పదిహేను నిమిషాల ముక్క చాలు. ఫోన్ తెరను ప్రొజెక్టర్‌కు వైర్‌లెస్‌గా పంపితే చాలా ఓటీటీ యాప్‌లలో మాట వినిపిస్తుంది, బొమ్మ నల్లగా వస్తుంది. కాపీ రక్షణ వల్ల వచ్చే తిప్పలు ఇవి, ప్రొజెక్టర్ చెడిందని షాపుకు మోయకండి. ల్యాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ వైరు తగిలించి చూడండి, చాలాసార్లు కుదురుతుంది. సినిమాలు ఒక యాప్‌లోంచి ఇంకో యాప్‌కు మారుతూనే ఉంటాయి, కాబట్టి జాబితాలో సినిమా పేరు, ఏడాది రాయండి, యాప్ పేరు వద్దు. యాప్ దానంతటదే చూపే సిఫారసులు ఈ పనికి పూర్తిగా దండగ. 'పాత నాటకం' అని వెతికితే పంచెలు, పల్లకీలు ఉన్నవన్నీ ముందు పోస్తుంది.

చిన్న వయసులోనే వితంతువైన బుచ్చమ్మకు ఎంచడం ఇంకా తెగలేదు. వితంతు వివాహం మీద 1940లో వచ్చిన 'సుమంగళి' పులివెందుల ప్రాంతం బి.ఎన్.రెడ్డిది కాబట్టి మావాళ్లకు అభిమానం. 'స్వాతిముత్యం' (1986) అంటే మిగతావాళ్లకు. గుడిలో కల్యాణం జరుగుతుండగా అమాయకుడు శివయ్య తాళి తీసి వితంతువు లలిత మెడలో కట్టేస్తాడు, ఆమెను ఒక్క మాట అడగకుండా. బుచ్చమ్మనూ ఎవరూ అడగలేదు. గిరీశం కబుర్లు చెప్పి బండెక్కించాడు. పోలిక బాగా అతుకుతుంది. కానీ బుచ్చమ్మ ఆ సినిమా చూసి ఊరట పడుతుందా, ఉలిక్కిపడుతుందా అన్నచోట బృందం రెండుగా చీలింది. ఉలిక్కిపడుతుందనే వర్గం నాలుగో గడి చూపిస్తోంది: చివరికి ఆమెకు దక్కింది పూనాలో చదువు, పెళ్లి కాదు.