కంప్యూటర్ పిచర్ మీద బ్యాటింగ్: ఎంఎల్‌బీ ద షో చాలాకాలం ఆడాక

ఎంఎల్‌బీ ద షో అనే బేస్‌బాల్ వీడియో గేమ్ సిరీస్ 2006 నుంచి వస్తోంది. నేను కొన్నేళ్లుగా ఆడుతున్నాను, అదీ దాదాపు ఎప్పుడూ కంప్యూటర్ ఆడించే జట్టు మీదే. ఆన్‌లైన్‌లో మనుషులతో తలపడే ఓపిక నాకు లేదు.

బ్యాటింగ్‌కి ముఖ్యంగా మూడు పద్ధతులున్నాయి. టైమింగ్‌లో సమయానికి బటన్ నొక్కితే చాలు. డైరెక్షనల్‌లో బంతిని ఎటు కొట్టాలో చెప్పొచ్చు. జోన్‌లో మాత్రం పీసీఐ అనే గురిని స్టిక్‌తో బంతి వచ్చే చోటికి మనమే తీసుకెళ్లాలి. మొదట్లో చిరాకేస్తుంది. కానీ నిజంగా నేర్చుకోవాలంటే జోనే ఎంచుకోండి. మిగతా రెండింటిలో ఆటగాడి రేటింగులే సగం పని చేసేస్తాయి, మన చెయ్యి తిరిగిందో లేదో తెలియదు.

ఆట మారేది మాత్రం కొట్టడంతో కాదు, వదిలేయడంతో. గంటకు 95 మైళ్ల ఫాస్ట్‌బాల్ ప్లేట్ (బ్యాటర్ పక్కన నేలమీదుండే పలక) దాకా రావడానికి సుమారు 0.4 సెకన్లు పడుతుంది. ఆ కాస్త సమయంలో స్ట్రైక్ జోన్‌లోని (బంతి రావాల్సిన హద్దులోని) తొమ్మిది భాగాలూ కాపలా కాయడం ఎవరివల్లా కాదు. అందుకే రెండు స్ట్రైకులు (మూడు పడితే అవుట్) పడేదాకా నేను ఆ హద్దులో ఒక భాగాన్నే, ఉదాహరణకు లోపలి వైపు పైభాగాన్ని, చూస్తాను. అక్కడికి రాకపోతే మంచి బంతి అయినా పోనిస్తాను. ఇలా ఆగితే వాకులు (హద్దు బయట నాలుగు బంతులు పడితే ఊరికే దొరికే బేస్) వస్తాయి, బంతి వేసే పిచర్ త్వరగా అలిసిపోతాడు, అలిసినవాడి బంతులు మధ్యలోకి జారతాయి. మ్యాచ్ ఆఖరి ఇన్నింగ్స్‌ల్లో పరుగులు అక్కడే దొరుకుతాయి.

ఇందుకు ప్రాక్టీస్ మోడ్ బాగా పనికొచ్చింది. పిచర్‌నీ, అతను వేసే బంతుల రకాలనూ మనమే ఎంచుకోవచ్చు. నేను ఫాస్ట్‌బాల్, చేంజప్ (ఫాస్ట్‌బాల్‌లా కనిపించి నెమ్మదిగా వచ్చేది) రెండే పెట్టుకుని, అసలు బ్యాట్ ఊపకుండా, చేతిలోంచి బంతి వదలగానే బాలా (హద్దు బయటా) స్ట్రైకా (లోపలా) అని పైకి చెప్పేవాణ్ణి (ఇంట్లోవాళ్లు వింతగా చూశారు, నిజమే). ఆ తర్వాతే ఊపడం. ప్రతి స్వింగ్ తర్వాత తొందరపడ్డామా, ఆలస్యమైందా, గురి ఎంత తప్పిందో తెర మీద కనిపిస్తుంది. చేంజప్‌కి వరసగా తొందరే చూపిస్తుంటే కారణం వెతకక్కర్లేదు. ఒకటే లోటు: మ్యాచ్‌లో ఉండే టెన్షన్ ఇక్కడ రాదు.

పవర్ స్వింగ్ (బలంగా ఊపడం) జోలికి ఎక్కువగా వెళ్లొద్దు, పీసీఐ చిన్నదైపోతుంది. కెమెరా స్ట్రైక్ జోన్ వ్యూలో, టీవీ గేమ్ మోడ్‌లో (బొమ్మ ఆలస్యం కాకుండా) ఉంటే చాలు. కష్టస్థాయి ఎంతో తేలకపోతే డైనమిక్‌లో పెట్టండి, మన ఆటను బట్టి అదే మారుతుంది. ఆల్‌స్టార్ స్థాయి నుంచి దాని పై స్థాయి హాల్ ఆఫ్ ఫేమ్‌కి మారినప్పుడు మాత్రం బంతి వేగం గట్టిగానే తగులుతుంది. అప్పుడు స్థాయి దించే బదులు సెట్టింగుల స్లైడర్లలో బంతి వేగాన్ని ఒక మెట్టు తగ్గించుకున్నాను, హాయిగా సాగింది.

ఎడమచేత్తో పక్కనుంచి విసిరే రిలీవర్లు (మధ్యలో దిగే మారు పిచర్లు) మాత్రం ఇప్పటికీ నాకు లొంగలేదు. వాళ్లు దిగితే బంట్‌కి (బ్యాట్ ఊపకుండా బంతిని మెల్లగా తాకించడానికి) సిద్ధపడతాను.