కుట్టు బాగున్న చొక్కా, సగమే చెప్పిన లేబుల్

హైదరాబాదులోని ఒక మాల్‌లో, అంతర్జాతీయంగా పేరున్న ఒక దుస్తుల సంస్థ దుకాణంలో, 1,299 రూపాయలకు కొని దాదాపు ఏడాదిగా తొడుక్కుంటున్న లేతనీలం నూలు చొక్కా గురించి ఈ సమీక్ష.

మా నాన్నగారు దర్జీ. అందువల్ల ఏ చొక్కానైనా ముందు తిరగేసి లోపలి కుట్టు చూడటం నాకు చిన్ననాటి అలవాటు. ఈ చొక్కాలో భుజం అతుకు, చేతి అతుకు కలిసేచోట దారం ఎక్కడా ముడిపడలేదు. కాజాలు విచ్చుకోలేదు, కాలరు ముడతపడలేదు. మొదటి మూడు ఉతుకుల్లో రంగు కొద్దిగా వెలిసి, ఆ తర్వాత నిలిచింది. ఇంత నిలకడగా కుట్టిన చేతులు ఎవరివో తెలుసుకోవాలనిపించింది.

లేబుల్ మీద బంగ్లాదేశ్‌లో తయారైందని మాత్రమే ఉంది. ఏ ఫ్యాక్టరీలో కుట్టారు, అక్కడి కార్మికులకు స్వేచ్ఛగా పనిచేసే యూనియన్ ఉందా అని రెండే ప్రశ్నలతో సంస్థ వినియోగదారుల విభాగానికి రాశాను. తమ సరఫరాదారులందరూ తమ నియమావళిని పాటిస్తారన్న జవాబు తొమ్మిది రోజులకు వచ్చింది. నా ప్రశ్నలకు అందులో సమాధానం లేదు. రెండవసారి రాసిన ఉత్తరానికి జవాబే రాలేదు.

చొక్కా కొన్నవాడికి యూనియన్ గొడవ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. 2013 ఏప్రిల్ 23న ఢాకా శివారు సవార్‌లో రానా ప్లాజా అనే ఎనిమిదంతస్తుల భవనానికి పగుళ్లు కనిపించాయి. కింది అంతస్తులో ఉన్న బ్యాంకు తన ఉద్యోగులను మర్నాడు రానివ్వలేదు. పై అంతస్తుల్లోని దుస్తుల ఫ్యాక్టరీల కార్మికులను మాత్రం, రాకపోతే జీతం కోస్తామని బెదిరించి మరీ లోపలికి పంపారు. ఆ ఉదయమే భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ఆ ఫ్యాక్టరీల్లో ఒక్కదానిలోనూ యూనియన్ లేదు. పగుళ్లను వాళ్లూ చూశారు, భయపడ్డారు, కానీ మేము లోపలికి వెళ్లం అని అందరి తరఫున నిలబడి చెప్పగలిగిన గొంతు అక్కడ లేదు. ఆ తర్వాత అనేక బ్రాండ్లు సంతకం చేసిన భద్రతా ఒప్పందంలో, ప్రమాదకరమైన పనిని నిరాకరించే హక్కును చేర్చవలసి వచ్చింది.

యూనియన్ పెట్టుకోవడమూ అక్కడ తేలిక కాలేదు. 2018 వరకు ఫ్యాక్టరీలోని కార్మికుల్లో 30 శాతం మంది సభ్యులుగా చేరితే తప్ప నమోదు కుదిరేది కాదు. ఆ ఏడాది దాన్ని 20 శాతానికి తగ్గించారు. ఆ లెక్కన మూడు వేల మంది పనిచేసే చోట, చేరితే ఉద్యోగం పోతుందన్న భయం మధ్య ఆరు వందల మందిని కూడగట్టడమంటే ఎంత కష్టమై ఉంటుందో ఊహించవచ్చు. 2023లో కనీస వేతనం నెలకు 23,000 టాకాలు కావాలని కార్మికులు వీధుల్లోకి వచ్చారు. ఆ ఆందోళనల్లో ప్రాణాలు పోయాయి. చివరికి నిర్ణయించినది 12,500.

బ్రాండు తలచుకున్నా ఏమీ చేయలేదన్న మాటను నేను ఒప్పుకోను. తమిళనాడులోని దిండిగల్ ప్రాంతంలో ఒక యువ కార్మికురాలిని ఆమె సూపర్‌వైజరే హత్య చేసిన తర్వాత, మహిళల నాయకత్వంలోని యూనియన్ పోరాడి 2022లో ఫ్యాక్టరీ యాజమాన్యంతో ఒప్పందం కుదుర్చుకుంది. అప్పట్లో అక్కడి నుంచి దుస్తులు కొంటున్న స్వీడన్ దుస్తుల సంస్థ హెచ్ అండ్ ఎం కూడా సంతకం చేసింది. కుట్టు లైన్లలో వేధింపులను గమనించి ఫిర్యాదు చేసే పనిని శిక్షణ పొందిన కార్మికులకే అప్పగించారు.

చొక్కాకు ఐదింట నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. అమ్మిన సంస్థ సేవకు ఒకటి. నా రెండు ప్రశ్నలకు సూటిగా జవాబిచ్చిన రోజున ఈ రెండవ అంకెను మారుస్తాను. అంతవరకు ఆ దుకాణంలో మరో చొక్కా కొనను.