రాకుండానే ‘డోర్ లాక్డ్’ అని రాసే కొరియర్: కొన్నేళ్ల వాడకం తర్వాత

ఈ కొరియర్ కంపెనీని కొన్నేళ్లుగా వాడుతున్నాను. బెంగళూరు నుంచి ఊరికి మందులు, పిల్లల పుస్తకాలు పంపాను. అటు నుంచి ఆవకాయ, పట్టుచీరలు, ఒకసారి మా అక్క కూతురి ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా ఇందులోనే వచ్చాయి. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఏ కొరియర్ మంచిదని ఎవరడిగినా దీని పేరే చెప్పేదాన్ని. రేట్లు, యాప్, ట్రాకింగ్ సంగతి అందరికీ తెలుసు కాబట్టి వాటి జోలికి వెళ్లను. నేను చెప్పదలుచుకున్నది ఒకటే. విలువైన పార్సిల్‌ని ఇంటి దాకా తీసుకురాకుండానే ‘వచ్చాం, తలుపు తాళం వేసి ఉంది’ అని సిస్టంలో రాసేస్తున్నారు. ఇది నేను క్షమించలేకపోతున్నాను.

మా నాన్నకి రెండు చెవులకీ మిషన్లున్నాయి. జత ఖరీదు లక్షన్నర పైమాటే. కుడి చెవిది గరగరమంటుంటే ఇక్కడ క్లినిక్‌లో ఇచ్చాం. వాళ్లు రెండూ సర్వీస్ సెంటర్‌కి పంపారు. బాగయ్యాక సర్వీస్ సెంటర్ వాళ్లు నేరుగా మా ఇంటి అడ్రసుకే పంపారు, ఈ కొరియర్‌లోనే. తెలిసిన కంపెనీయే కదా అని నిశ్చింతగా ఉన్నాను. మిషన్లు లేని రోజుల్లో నాన్న టీవీలో కింద వచ్చే స్క్రోలింగ్ చదువుకుంటూ కూర్చుంటారు. మనవడు ఏదైనా అడిగితే నవ్వి ఊరుకుంటారు. అరిచి అరిచి సాయంత్రానికల్లా అమ్మ గొంతు బొంగురుపోతుంది. ఆ చిన్న డబ్బా కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూశామంటే అందుకే.

పొద్దున్నే ‘ఔట్ ఫర్ డెలివరీ’ అని మెసేజ్ వచ్చింది. అమ్మ ఆ రోజు గుడికి కూడా వెళ్లలేదు. సాయంత్రం ఇంకో మెసేజ్: డెలివరీకి ప్రయత్నించాం, డోర్ లాక్డ్. అమ్మకి చదివి చెబితే, "దీపం పెట్టే వేళ మన తలుపు ఎప్పుడైనా మూశామా?" అంది. నిజమే, మా ఇంట్లో ఆ వేళ వీధి తలుపు బార్లా తీసే ఉంటుంది. నాన్న గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునే ఉన్నారు.

మర్నాడు కారణం మారింది. ‘కస్టమర్ ఫోన్ ఎత్తలేదు’ అట. పార్సిల్ మీద ఉన్నది నా నంబరు, ఫోన్ రోజంతా నా టేబుల్ మీదే ఉంది. మిస్డ్ కాల్ ఒక్కటీ లేదు. ఆ మర్నాడు ‘డెలివరీ వాయిదా వేయమని కస్టమర్ కోరారు’ అని వచ్చింది. ఇది చదివాక నాకు ఒళ్లు మండిపోయింది. మొదటి రెండింటిలో వాళ్లు చేయని పని చేసినట్టు రాసుకున్నారు. ఇందులో నేను అనని మాట అన్నట్టు రాశారు. రేపు పార్సిల్ పోయినా, తిరిగి వెళ్లిపోయినా, తప్పు మాదేనని చూపించడానికి ఆ ఒక్క లైను చాలు.

ఆ లైను ఎందుకంత ప్రమాదమో తెలియని వాళ్ల కోసం చెబుతాను. డెలివరీ కాని ప్రతి పార్సిల్‌కీ సాయంత్రానికి ఒక కారణం నమోదు కావాలి. కొరియర్ వాళ్లు దీన్ని ఎన్‌డీఆర్ అంటారు, అంటే డెలివరీ కాలేదన్న రిపోర్టు. మామూలుగా రెండు మూడు సార్లు అలా పడితే పార్సిల్ ఆర్‌టీఓ అవుతుంది, పంపిన వాళ్లకే తిరుగు ప్రయాణం కడుతుంది. ఆన్‌లైన్‌లో సరుకు అమ్ముకునే చిన్న వ్యాపారులకు ఇది రోజూ ఉండే బాధే. ‘ఫేక్ అటెంప్ట్’ అని వాళ్లలో వాళ్లకి దీనికో పేరు కూడా ఉంది. సరుకు తిరిగొస్తే రానూ పోనూ ఛార్జీలు చాలాసార్లు వాళ్ల నెత్తినే పడతాయి, పైగా కస్టమర్ ఇంట్లో లేడనే వాళ్లూ అనుకుంటారు.

కస్టమర్ కేర్ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. కానీ ఎన్నిసార్లు అడిగినా, "మా సిస్టంలో అటెంప్ట్ చూపిస్తోంది మేడమ్" అన్నదే జవాబు. ఏ టైముకి వచ్చారు, మా గేటు ఫోటో ఉందా, కాల్ చేసిన నంబరు ఏది అని అడిగాను. అవన్నీ ఇంటర్నల్ అట. నా గురించి రాసిన మాటకి రుజువు నాకే చూపించరన్నమాట!

అప్పుడు మా అసోసియేషన్ సెక్రటరీ గారిని అడిగి గేటు లాగ్ తీయించాను. కగ్గదాసపురలో మాది ఓ మోస్తరు అపార్ట్‌మెంట్. సెక్యూరిటీ అబ్బాయి ఫోన్‌లో నమోదు చేసి, ఫ్లాటు వాళ్లు సరేనంటేనే ఎవరినైనా లోపలికి వదులుతారు. ‘డోర్ లాక్డ్’ అన్న రోజు సాయంత్రం 6 నుంచి 8 దాకా పేజీ వరుసగా చూశాను. కూరగాయలు, వాటర్ క్యాన్లు, బిర్యానీ, ఇంకో బిర్యానీ, రెండో అంతస్తులో పిల్లలకి వచ్చే ట్యూషన్ మాస్టారు, గీజర్ బాగుచేసే మెకానిక్. ప్రతి పేరు పక్కన టైము, ఫోటో, ఫ్లాటు నంబరు. మా కొరియర్ పేరు ఆ పేజీలో లేదు. ముందు పేజీలోనూ లేదు, తర్వాతి పేజీలోనూ లేదు. సీసీ కెమెరా చూసినా అదే. గేటు దాటని మనిషికి మా తలుపుకున్న తాళం ఎలా కనిపించింది?

ఆ ప్రింటౌట్ పట్టుకుని బ్రాంచ్‌కి వెళ్లాను. రైల్వే గేటు అవతల, సందులో ఒక షట్టరు గది. ఆ గేటు దగ్గర ట్రాఫిక్ సంగతి ఈ ఏరియా వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. లోపల మా పిన్‌కోడ్ 560093 అని మార్కర్‌తో రాసిన గోనెసంచులు, గోడ పొడవునా అట్టపెట్టెలు, ఒక మూల తాళం వేసిన ఇనుప బీరువా. మేనేజరు బయటికి వెళ్లారన్నారు. కూర్చుని అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతుంటే, పక్కన పార్సిళ్లు స్కాన్ చేస్తున్న కుర్రాడు తలెత్తి, "అక్కా, మీది ఏ ఊరు?" అన్నాడు. తనది మదనపల్లె దగ్గర పల్లెటూరట. నా చేతిలో కాగితం చూసి మొదట తటపటాయించాడు. తర్వాత నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు.

"బండి మీద పట్టినంతే కదక్కా తీసుకుపోతాం. పట్టని సరుకు కూడా పొద్దున మా పేరు మీదే స్కాన్ అయిపోతుంది. రాత్రికి షీట్ క్లోజ్ కావాల. తేలేకపోయినాం అని పెట్టేదానికి అందులో ఆప్షన్ లేదు. డోర్ లాక్, ఫోన్ ఎత్తలేదు, అడ్రస్ తప్పు, వాయిదా అడిగినారు, ఇవే ఉంటాయి. ఏదో ఒకటి కొట్టాల్సిందే."

"మరి మా నాన్న మిషన్లు ఎవరు తెచ్చారు, ఎక్కడి దాకా తెచ్చారు?"

బీరువా వైపు చూశాడు. "అది బయటికే పోలేదక్కా. ఎక్కువ రేటు సరుకంటే మాకు భయం. పోతే మా డబ్బుల్లో కోస్తారు. ఓటీపీ రాకపోతే వాళ్ల గుమ్మం ముందు అరగంట నిలబడాల. ఆ అరగంటలో పది చిన్న పార్సిళ్లు ఇచ్చుకోవచ్చు. మాకిచ్చేది పార్సిల్ లెక్కనే."

నా కోపం ఆ కుర్రాడి మీద నుంచి పూర్తిగా మళ్లిపోయింది. కర్ణాటకలో యాప్ కంపెనీలకు పనికింత లెక్కన పనిచేసే గిగ్ వర్కర్ల సంక్షేమం కోసం 2025లో చట్టం తెచ్చారు, మంచిదే. కానీ ఈ కుర్రాడి చేత అబద్ధం రాయిస్తున్నది కంపెనీ తయారుచేసిన ఆ నాలుగు ఆప్షన్ల లిస్టు. ‘ఈ రోజు తేలేకపోయాం, రేపు తెస్తాం’ అని ఒక్క బటన్ పెడితే నేను సంతోషంగా ఇంకో రోజు ఆగుతాను. బ్రాంచ్ పనితీరు దెబ్బతినకుండా చూసుకోవడానికి తప్పుని కస్టమర్ మీదికి తోసే బటన్లు మాత్రమే పెట్టారు. ఓటీపీ, తాళం వేసిన బీరువా, జీతంలో కోత, ఇవన్నీ ఖరీదైన సరుకుని కాపాడటానికే పెట్టినవి. ఆ కాపలా వల్లే ఖరీదైన సరుకు బ్రాంచ్ దాటడం లేదు. వంద రూపాయల ఫోన్ కవరు తిన్నగా ఇంటికొచ్చి, నాన్న చెవి మిషన్లు బీరువాలో ఉండిపోవడానికి కారణం ఇదే.

మేనేజరు వచ్చాక ఐడీ చూసి, సంతకం పెట్టించుకుని డబ్బా ఇచ్చారు. సీలు చెక్కుచెదరలేదు. ఇంటికి తెచ్చి పెట్టగానే నాన్న మొదట అడిగింది, "ఆ కుక్కరు ఎన్ని కూతలు వేసిందే?" అని.

పార్సిల్ దొరికింది కదా అని నేను వదల్లేదు. నా పేరు మీద రాసిన ఆ మూడో లైను అలాగే ఉండటం నాకు ఇష్టం లేదు. గేటు లాగ్, నా కాల్ లిస్టు, వాళ్ల మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు కలిపి కంపెనీ ఫిర్యాదుల విభాగానికి మెయిల్ పెట్టాను. కొరియర్ బుక్ చేసింది సర్వీస్ సెంటరే కాబట్టి మీరు మా కస్టమర్ కాదని మొదట జవాబిచ్చారు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం డబ్బు కట్టిన వాళ్ల అనుమతితో సేవ అందుకునే లబ్ధిదారు కూడా వినియోగదారే. అది రాసి, లోపమైన సేవ కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తానని చెప్పాక మాట మారింది. ‘మా వైపు నుంచి తప్పు రిమార్క్ నమోదైంది, చింతిస్తున్నాం’ అని రెండు ముక్కల మెయిల్ వచ్చింది. ఆ మెయిల్ దాచుకున్నాను.

మీకూ ఇలాంటిది జరిగితే తెలిసి ఉండాల్సినవి కొన్ని. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. కేసు వేయాలంటే కంపెనీ హెడ్డాఫీసు ఉన్న ఊరికి పరుగెత్తక్కర్లేదు, మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయొచ్చు. సరుకు ఆన్‌లైన్ షాపులో కొన్నదైతే కొరియర్‌తో వాదన పెట్టుకోకుండా షాపులో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరునే పట్టుకోండి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం వాళ్లు ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి.

మీరే పంపేటప్పుడు మాత్రం రసీదు మీద అసలు విలువ రాయించి, ఇన్సూరెన్స్ తీసుకోండి. ఇది నేను గట్టిగా చెబుతాను. ఎందుకంటే రసీదు వెనకాల చిన్న అక్షరాల్లో నష్టపరిహారానికి ఒక హద్దు పెట్టి ఉంటుంది. 1996లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన ఒక కేసులో, జర్మనీకి పంపిన పత్రాల కవరు చేరక ఒక నిట్‌వేర్ కంపెనీ నష్టపోయింది. సంతకం పెట్టిన రసీదులో హద్దు 100 డాలర్లని ఉంది కాబట్టి అంతే వస్తుందని కోర్టు తేల్చింది.

ఇక ఇప్పుడు నేను ఏం చేస్తున్నానంటే, ఈ కంపెనీని పూర్తిగా మానలేదు. మా బ్రాంచ్‌లో సరుకు ఉంచమని ముందే చెప్పి, నేనే వెళ్లి తెచ్చుకుంటున్నాను. నిజంగా ఆశ్చర్యం ఏమిటంటే ఈ పద్ధతి చాలా బాగా నడుస్తోంది. పొద్దున లారీ దిగిన సరుకు మధ్యాహ్నానికల్లా చేతికొస్తోంది, ఇంటికి వచ్చే రోజుల కంటే తొందరగా. తొందరేమీ లేని కాగితాలకు మాత్రం పోస్టాఫీసుకు మారిపోయాను. 2025 అక్టోబర్ నుంచి స్పీడ్ పోస్ట్‌లో 5 రూపాయలు, దాని మీద జీఎస్టీ అదనంగా కడితే ఓటీపీ చెప్పాకే ఇచ్చే పద్ధతి వచ్చింది. మా ఏరియా పోస్ట్‌మ్యాన్ ఏళ్ల తరబడి ఆయనే. అమ్మని పేరు పెట్టి పిలుస్తారు.

నాకు స్కూటీ ఉంది, వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచే పని, బ్రాంచ్ దగ్గరే. కాబట్టి ఇది కుదిరింది. పెద్దవాళ్లిద్దరే ఉండే ఇంటికి, పిల్లలు వేరే ఊళ్లో ఉన్న ఇంటికి ఈ సలహా పనికిరాదు. అలాంటి వాళ్లకి విలువైన వస్తువు పంపడానికైతే ఈ కంపెనీని నేను సిఫార్సు చేయను. ఇంటికొచ్చి పార్సిల్ తీసుకెళ్లే సర్వీసు గురించి గతంలో చాలా గొప్పగా చెప్పాను. అది ఇప్పటికీ బాగుంది, అయితే ఆ పనికి వచ్చే మనిషి వేరు, డెలివరీ చేసే కాంట్రాక్టు వేరు. ఒకటి చూసి రెండోదాన్ని నమ్మకండి. హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడు తనకి ఇదే కంపెనీతో ఏ ఇబ్బందీ లేదంటున్నాడు. అక్కడి బ్రాంచ్ వేరు కాబట్టి కాదనలేను. ఖరీదైనదేదైనా తెప్పించుకునే ముందు మీ ఏరియా బ్రాంచ్ ఎక్కడుందో, ఎన్నింటి దాకా తీసి ఉంటుందో కనుక్కుని పెట్టుకోండి. మీ అపార్ట్‌మెంట్ గేటు లాగ్ ఎన్నాళ్లు దాచి ఉంచుతారో కూడా అసోసియేషన్‌ని అడగండి, ఎందుకంటే మా దగ్గర పాతవి తీసేస్తుంటారు.