పోప్స్ క్రీక్‌లో ముగ్గు పోసినట్టున్న ఇల్లు

నాన్న కందుకూరు నుంచి మా దగ్గరికి వచ్చి నెల దాటింది. డీసీ రెండుసార్లు తిప్పాం, అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ ఉన్న ఇల్లు మౌంట్ వెర్నన్ కూడా చూపించాం. "ఇంతకీ ఈ వాషింగ్టన్ పుట్టిన ఊరేదిరా?" అన్నారు. అలా మే నెలలో ఓ శనివారం మేముండే ఆష్‌బర్న్ నుంచి, వర్జీనియాలోనే ఆయన పుట్టిన పోప్స్ క్రీక్‌కు బయల్దేరాం.

ఫ్రెడరిక్స్‌బర్గ్ దాకా ఐ-95 ట్రాఫిక్ మామూలే. అక్కడ 3వ నంబరు రోడ్డెక్కి తూర్పుకు తిరిగాక ప్రాణం హాయిగా ఉంటుంది. దాదాపు 40 మైళ్ళు, ఎటు చూసినా పొలాలూ చెట్లూ. టికెట్ లేదు. తినడానికి లోపల ఏమీ దొరకదని ముందే తెలుసుకుని పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళాం. చెట్ల కింద బల్లలున్నాయి, పెద్దవాళ్ళతో వెళ్ళినా ఇబ్బంది లేదు.

దారి మొదట్లోనే ఒక రాతి స్తంభం కనిపిస్తుంది. డీసీలోని వాషింగ్టన్ మాన్యుమెంట్‌కు సుమారు పదో వంతు ఎత్తు. 1896లో దాన్ని నిలబెట్టింది మాత్రం ఇక్కడ కాదు, ఆయన పుట్టిన ఇల్లు ఉండేదనుకున్న చోట. తర్వాత ఆ చోట స్మారక గృహం కట్టాలని స్తంభాన్ని ఇక్కడికి జరిపారు. చాలామంది కారు ఆపకుండానే వెళ్ళిపోతున్నారు. ఆగండి, లోపల చూడబోయే కథకు మొదలు ఇదే.

1732 ఫిబ్రవరి 22న ఆయన పుట్టిన ఇల్లు 1779 క్రిస్మస్ రోజున కాలిపోయింది. 1815లో వాషింగ్టన్ పెంచిన, ఆయన భార్యకు మనవడైన కస్టిస్ వచ్చి గుర్తుగా ఒక రాయి పెట్టాడు. ఆ రాయి కూడా తర్వాత కనపడకుండా పోయింది. 1923లో జోసెఫిన్ వీల్‌రైట్ రస్ట్ అనే ఆవిడ ఒక సంఘం పెట్టి, అందరూ నమ్ముతున్న ఆ చోటనే ఇల్లు కట్టించడానికి పూనుకున్నారు. పాత ఇల్లు ఎలా ఉండేదో చెప్పే బొమ్మ ఒక్కటీ లేదు. ఆ కాలం పెద్దింటి పద్ధతిలో, ఇక్కడి మట్టితో కాల్చిన ఇటుకలతో 1931కి పూర్తిచేశారు. తీరా 1936లో పూర్తిగా తవ్వి చూస్తే, పక్కనే ఉన్నది వేరే పెద్ద ఇంటి పునాది అని తేలింది!

స్మారక గృహాన్ని తీసేయలేదు, పునాదినీ వదిలేయలేదు. దాని మీద మట్టి కప్పి, పైన ఆల్చిప్పల పొడితో గోడల గీత గీశారు. పచ్చిక మధ్య తెల్లగా ఇంటి ఆకారం. నాన్న అక్కడ గొంతుక్కూర్చుని ఒక చిప్ప ముక్క వేళ్ళతో నలిపి చూశారు. "ఇది గుల్ల సున్నమేరా. ఇల్లు మొదలెట్టే ముందు మేస్త్రి పోసే ముగ్గులా ఉంది" అన్నారు. నాకు ఆ మాటతో ఒళ్ళు ఝల్లుమంది. మనం కట్టబోయే ఇంటికి ముగ్గు పోస్తాం, వీళ్ళు పోయిన ఇంటికి పోశారు. వాషింగ్టన్ పుట్టింది ఈ పునాది మీదేనా అని కూడా పురావస్తు శాస్త్రవేత్తలు ఈమధ్య మళ్ళీ సందేహం లేవనెత్తారు. అయినా అక్కడ నిలబడితే ఆ తెలుపు ముందు ఇటుకల ఇల్లు నాకు చిన్నదైపోయింది.

వాషింగ్టన్‌లది పొగాకు మీద బతికిన కుటుంబం. మా నాన్న ముప్పై ఏళ్ళు వర్జీనియా పొగాకు వేసిన మనిషి, మాకు బ్యారన్ (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) కూడా ఉండేది. వర్జీనియా అనే పేరు చిన్నప్పుడు నేను విన్నది రాష్ట్రం పేరుగా కాదు, పంట పేరుగా. ఆకు ఎలా ఆరబెట్టేవారని అక్కడి పార్కు రేంజర్‌ని అడగమన్నారు. అప్పట్లో మన బ్యారన్లలో ఉండే వేడి గొట్టాలు లేవు, కొట్టంలో వేలాడదీసి గాలికి ఆరనిచ్చేవారట. ఆ పని చేసింది బానిసలైన ఆఫ్రికన్లు. పుల్లకు ఆకు గుచ్చడం ఎంత నడుం నొప్పో తెలిసిన ఇంట్లో పుట్టాను. వాళ్ళ గురించి ఇక్కడ ఇంకా చాలా చెప్పాల్సింది అనిపించింది నాకు.

మైలు దూరంలో కుటుంబ శ్మశానం ఉంది. వాషింగ్టన్ తండ్రి, తాత, ముత్తాత ముగ్గురూ అక్కడే. కారులో వెళ్ళొచ్చు, వదలకండి.

రాత్రికి కలోనియల్ బీచ్‌లో ఒక చిన్న మోటెల్ తీసుకున్నాం. గదిలో తడి వాసన, ఏసీ మోత, పైగా మెట్లు. నాన్న మోకాళ్ళతో టెన్షన్ పడ్డాం. మళ్ళీ వెళ్తే వెస్ట్‌మోర్‌లాండ్ స్టేట్ పార్కులో క్యాబిన్ ముందే బుక్ చేస్తాను. మర్నాడు ఆ పార్కు ఒడ్డున పిల్లలు శిలాజ సొరచేప పళ్ళు వెతుక్కున్నారు, పెద్దవాడికి ఒకటి దొరికింది కూడా. కొద్ది మైళ్ళలోనే అంతర్యుద్ధంలో దక్షిణాది సేనాని రాబర్ట్ ఇ. లీ కుటుంబం ఉన్న స్ట్రాట్‌ఫర్డ్ హాల్ ఉంది. 1730ల చివర్లో కట్టిన అసలు ఇల్లు ఇంకా నిలిచే ఉంది. టికెట్ ఉన్నా డబ్బుకు తగ్గది.

ఇంటికొచ్చాక నాన్న ఊళ్ళో వాళ్ళకు ఒక్క ఫోటోనే పంపారు. ఇటుకల ఇల్లు అందులో లేదు. పచ్చికలో తెల్ల గీత, దాని మీద ఆయన చెప్పులు.